ఇత్తడి రీడు, రెండు దగ్గులు

ఆ వీధిలో ఆమెను అందరూ దగ్గుల పిన్ని అనేవాళ్లు. తొమ్మిదేళ్లపాటు ఆమె దగ్గని రోజు లేదు. చిత్రమేమిటంటే, కూరగాయల కొట్టు దగ్గర నిలబడ్డప్పుడు ఆ దగ్గు వచ్చేది కాదు. బట్టలు ఉతికేటప్పుడు రాదు, పొయ్యి పొగలోనూ రాదు. ముందు గదిలో కిటికీ కింద ఉన్న బల్ల ముందు భర్త ఆకురాయి పట్టుకు కూర్చున్నాడంటే మాత్రం, ఎదురుగా పీట మీద బఠాణీలు ఒలుచుకుంటున్న ఆమెకు గొంతులో గరగర మొదలయ్యేది.

"ఇత్తడి రజను పడదమ్మా నీకు. లోపలికెళ్లి కూర్చోకూడదూ?" అనేవాళ్లు వచ్చినవాళ్లు.

"లోపల వెలుతురు చాలదండీ," అనేది ఆమె. ఆమె మాటలు అంతే. అడిగినదానికి ఒక ముక్క, అడగనిదానికి అదీ లేదు.

ఆమె భర్త కాన్సర్టీనాలు చేసేవాడు. ఎరగనివాళ్లు దాన్ని హార్మోనియానికి చిట్టి మనవరాలనుకోవచ్చు. ఆరు పలకల పెట్టె, రెండు వైపులా మీటలు, మధ్యలో మడతలు మడతలుగా తోలుతిత్తి. రెండు చేతులతో లాగి తోస్తే పాడుతుంది. ఇంట్లో దాన్ని చేతిపెట్టె అనేవాళ్లు. చెక్క ఎంత నున్నగా ఉన్నా, తోలు ఎంత మెత్తగా ఉన్నా ప్రాణమంతా లోపలి రీడ్లలోనే ఉంటుంది. రీడంటే సన్నటి లోహపు నాలుక, దాని చుట్టూ ఒక చట్రం. రెంటికీ మధ్య వెంట్రుక పట్టేంత సందు. నాలుక కొసను అరగదీస్తే స్వరం పైకి లేస్తుంది, మొదట్లో అరగదీస్తే కిందికి దిగుతుంది. విద్యంతా అంతే. చెప్పడానికి అరనిమిషం, చేతికి రావడానికి అరజన్మ.

గోడకు అవతలి వాటాలో బావగారు, అంటే భర్తకు అన్నగారు, అదే పని చేసేవాడు. ఒకే తండ్రి దగ్గర ఒకే బల్ల మీద నేర్చుకున్నవాళ్లు. నేర్చుకున్నాక మాత్రం ఉప్పూ నిప్పూ. అన్నది ఉక్కు రీడు, తమ్ముడిది ఇత్తడి రీడు.

"ఇత్తడి మెత్తన. ఏడాది తిరిగేసరికి జావగారిపోతుంది," అని అన్నగారు గోడ అవతలి నుంచి.

"ఉక్కుకు తుప్పు. వాన పడితే గొంతు పోతుంది," అని తమ్ముడు ఇవతలి నుంచి.

"నా పెట్టె వాయిస్తే వీధి చివర వినబడుద్దిరా!"

"వినబడుతుంది అన్నయ్యా. అందుకేగా వీధి చివరివాళ్లు తలుపులేసుకునేది."

గోడకు చెవులుంటాయంటారు. ఆ గోడకు నోరు కూడా ఉండేది. ఒకటే ఇటుక మందం. అటువైపు గిన్నె పడితే ఇటువైపు మూత ఉలిక్కిపడేది.

తొమ్మిదేళ్ల కిందట ఒక రోజు ఆమె భర్త అన్నిటికన్నా పైనుండే చిన్న రీడును పట్టుకుని, బల్ల కింది తిత్తిని కాలితో తొక్కుతూ ఊదించి, అరగదీసి, మళ్లీ ఊదించి, మళ్లీ అరగదీస్తున్నాడు. అది శ్రుతిలో పడి, దాటిపోయి, కీచుమని ఊరు విడిచి పోతోంది.

"ఏమండీ, అది ఎప్పుడో దాటిపోయింది కదా?" అందామె.

ఆయన చెయ్యి ఆపాడు. కాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. మళ్లీ ఒకసారి తిత్తి తొక్కి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇది పలుకుతోందా?"

ఆమె చేతిలోని బఠాణీ కాయ ఒలవడం మరిచిపోయింది. ఆయనకు మాటలు వినబడుతున్నాయి, తలుపు చప్పుడు వినబడుతోంది, అన్నగారి వెటకారం మరీ బాగా వినబడుతోంది. పై స్వరాలు మాత్రం ఆయన్ని వదిలేసి వెళ్లిపోయాయి.

"మీ అన్నయ్యతో చెబుదామా?"

"వద్దు."

"చెబితే ఏమవుతుంది?"

"ఏమీ అవదు. జాలిపడతాడు. వాడి తిట్లు ఎన్నయినా పడతాను గానీ, జాలి పడలేను."

అప్పుడు పుట్టింది ఆ దగ్గు. ఒకసారి దగ్గితే కొసను అరగదియ్యాలి. రెండుసార్లు దగ్గితే మొదట్లో. గొంతు సవరించుకుంటే చాలు, సరిపోయింది. గోడ అవతల అన్నగారున్నా, గదిలో గిరాకీ ఉన్నా ఎవరికీ అనుమానం రాదు. ఎవరో వచ్చి కూర్చుని తమ మోకాళ్ల నొప్పుల గురించి చెబుతూంటే, వాళ్ల ముక్కు కిందనే మొగుడూ పెళ్లాలు నలభై రీడ్ల శ్రుతి సరిచేసేసేవాళ్లు.

పదో ఏట బడి మానేసిన ఆమెకు స్వరాల పేర్లేమీ తెలియవు. తన పేర్లు తనకున్నాయి. అన్నిటికన్నా పైది చెంచా. దాని కిందిది గిన్నె మూత. మధ్యలో ఒకటి తలుపు గడియ. అన్నిటికన్నా కింద గురగురమనేది బావగారు.

ఆ దగ్గుతో వచ్చిన చిక్కల్లా తోడికోడలితోనే. ఆవిడ మనసు వెన్న, నోట్లో మాత్రం నువ్వుగింజ నానదు. వారానికోసారి సీసాడు మందు పట్టుకొచ్చేది.

"తాగవే! ఇలా దగ్గుతూంటే పేగులు బయటికొస్తాయి."

"తరవాత తాగుతానక్కా."

"తరవాతేంటి, నా ముందే తాగు. కళ్లు మూసుకో, నోరు తెరు."

వేపాకు నయమనిపించే ఆ మందును ఆమె మింగుతూంటే, బల్ల దగ్గర భర్త తల వంచుకుని భుజాలు కదిలేలా నవ్వుకునేవాడు. ఓ రోజు ఆమెకు ఒళ్లు మండి, ఆ నవ్వుకు శిక్షగా, బాగా కుదిరిన చెంచా మీద రెండు తప్పుడు దగ్గులు దగ్గింది. ఆయన బుద్ధిగా అరగదీశాడు. దాన్ని మళ్లీ దారికి తేవడానికి ఇద్దరికీ సాయంత్రమైంది. నవ్విన పాపానికి ఆయనకు, దగ్గిన పాపానికి ఆమెకు ఆ పూట అన్నం ఆలస్యం.

ఆరు నెలల కిందట ఆయన పోయాడు. పొద్దున్నే బయటికి బయలుదేరి, ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండోది వేసుకోకుండానే పోయాడు. ఆ రెండో చెప్పును ఎక్కడ పెట్టాలో ఆమెకు చాలా రోజులు తెలియలేదు.

దగ్గు కూడా ఆ రోజే పోయింది.

"ఏడ్చి ఏడ్చి గొంతు శుభ్రపడిందేమో," అంది తోడికోడలు.

ఆయన పోయిన నాలుగో నెలలో బావగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తెల్ల మీసం, చెవి వెనక పెన్సిలు, చంకలో కొలత బద్ద. ఆ బద్దతో బల్ల పొడవు కొలిచాడు, వెడల్పు కొలిచాడు, తరవాత తన గుమ్మం వెడల్పు గుర్తు తెచ్చుకుంటున్నట్టు పైకి చూశాడు.

"అమ్మాయ్, ఈ బల్ల ఖాళీగా ఉంటే పురుగు పడుతుంది. మా వైపు వేసేసుకుంటాను. నీకు ఆ మూల మంచి కుట్టుమిషను పెట్టిస్తాను."

"బల్ల ఇక్కడే ఉంటుంది బావగారూ."

"ఉండి?"

"నేను చేస్తాను."

బావగారు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. గోడ అవతల నుంచి తోడికోడలు నవ్వింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్న సామెత ఆమెకు ఆ పూట బాగా అర్థమైంది.

"రీడంటే బఠాణీలు ఒలవడమనుకున్నావా? తమ్ముడి చెయ్యి వేరు, తమ్ముడి చెవి వేరు. వాడితో నేను నలభై ఏళ్లు పోట్లాడానంటే ఊరికే పోట్లాడానా? వాడి రీడు లాంటిది ఇంకోటుంటే చూపించు."

తమ్ముడి చెవి అన్న మాట వినగానే ఆమెకు జవాబు నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది. ఆ మందు తాగి తాగి చేదు మింగడం అలవాటే.

అదే వారం పాటల టీచరు వచ్చింది. బడి పిల్లలకు ఎనిమిది చేతిపెట్టెలు కావాలని భర్త ఉండగానే చెప్పి వెళ్లిన మనిషి. గది చిన్నది కాబట్టి మెత్తటి ఇత్తడి గొంతే కావాలంది. "ఉక్కుతో చేసిస్తాను, పిల్లలు నిద్రపోరు," అన్నాడు బావగారు. "నేను చేసిస్తాను," అందామె మళ్లీ. మాటా మాటా పెరిగి చివరికి ఒప్పందం కుదిరింది. నెలన్నర గడువు. ఆమె ఒక పెట్టెకు నలభై రీడ్లు చెయ్యాలి. తమ్ముడు తన కోసం పదకొండేళ్ల కిందట చేసుకున్న సొంత పెట్టెనూ, ఆమె పెట్టెనూ దుప్పటి చాటున టీచరు వాయిస్తుంది. రీడ్లు విని ఏవి ఎవరివో బావగారు చెప్పాలి. చెప్పగలిగితే బల్ల ఆయనది. పొరబడితే బల్ల ఉన్నచోటే ఉంటుంది, ఎనిమిది పెట్టెలూ ఆమెవే.

"కళ్లు మూసుకుని చెబుతా," అన్నాడు బావగారు మీసం తిప్పుతూ. "కావాలంటే ముక్కు కూడా మూసుకుంటా."

ఖాళీ పెట్టెలూ తిత్తులూ భర్త చేసి పెట్టినవే మిగిలి ఉన్నాయి. రీడ్లే కావాలి. మొదటి రోజు ఆమె బల్ల ముందు కూర్చుని, తిత్తి తొక్కి, స్వరం విని, అలవాటుగా ఒకసారి దగ్గింది. ఎదురుగా ఆకురాయి తీసేవాళ్లు ఎవరూ లేరు. తన దగ్గుకు తనే ఆకురాయి తీసుకుంది.

చెవి తొమ్మిదేళ్లదే గానీ చెయ్యి ఒకరోజుది. మొదటి తొమ్మిది నాలుకలు విరిగాయి. పదోది వంకరపోయింది. పదకొండోది ఎగిరి ఎక్కడ పడిందో ఇప్పటికీ దొరకలేదు. నాలుగో వారానికి ఆకురాయి వేళ్ల మాట వినడం నేర్చుకుంది. గడువుకు రెండు రోజుల ముందు నలభయ్యో రీడు చెంచా, చెంచా మీద చెంచా తగిలినట్టు సన్నగా, శుభ్రంగా పలికింది. ఆమె గొంతు సవరించుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు ఆయన సొంత పెట్టె సంగతి. దాని తిత్తిలో మూడో మడత దగ్గర తోలు ఎండి, లాగగానే కిర్రుమంటుంది. పాట మొదలవకముందే కిర్రు మొదలవుతుంది. బావగారు ఎన్నోసార్లు ఇలాగే కళ్లు మూసుకుని, మీట నొక్కకముందే "తమ్ముడిదే!" అని పందెం గెలవడం ఆమె చూసింది. ఈసారి కూడా ఆ పెద్దమనిషి వినబోయేది రీడును కాదు, కిర్రును.

సరే, ఆయన కిర్రే వినదలిస్తే వినిపిద్దామనుకుంది.

ఆ మధ్యాహ్నం రెండు పెట్టెలూ విప్పింది. లోపల రీడ్లు బిగించే పలకలు అన్నిటికీ ఒకే అచ్చు. తన రీడ్ల పలకలు భర్త కిర్రు పెట్టెలోకి, ఆయన రీడ్ల పలకలు కొత్త పెట్టెలోకి. ఆయన పలక వెనక పెన్సిలుతో గీసిన చిన్న చేప బొమ్మ ఉంది. తన పలక వెనక సూది గుర్తు గీసుకుంది. చేపను రెండు చేతులతో బయటికి తీసింది. "ఏమీ అనుకోకండీ, రెండు రోజులే," అంది పైకే.

"ఎవరితోనే మాట్లాడుతున్నావు?" అంటూ అప్పుడే వచ్చింది తోడికోడలు, చేతిలో గిన్నెతో. బల్ల మీద రెండు పెట్టెలూ పేగులు బయటపెట్టుకుని పడి ఉన్నాయి. దాచడానికేమీ లేదు. విషయం రెండు ముక్కల్లో చెప్పేసింది.

తోడికోడలు కళ్లు పళ్లేలయ్యాయి. "అమ్మో అమ్మో! మా ఆయన్నే?"

"చెప్పేస్తావా అక్కా?"

"ఎందుకు చెబుతానే! ముప్ఫై ఎనిమిదేళ్లుగా నా వంటకు పేర్లు పెడుతున్న మనిషి, ఒక్కసారైనా పొరబడ్డం చూడొద్దూ? ఆ స్క్రూలు ఇటివ్వు, పట్టుకుంటా." అంతలోనే ముఖం వాడిపోయింది. "చెప్పను గానీ... చెప్పకుండా ఎలా ఉండనే? రెండు రోజులు!"

ఆ సాయంత్రమే తోడికోడలికి పన్ను నొప్పి పట్టుకుంది. దవడ చుట్టూ గుడ్డ కట్టుకుని, తల మీద ముడి వేసుకుని, అడిగినదానికల్లా "ఊఁ" అంది.

"ఈ కొంపలో దగ్గు పోతే పన్ను నొప్పొచ్చింది," అని గోడ అవతల విసుక్కున్నాడు బావగారు. "ప్రాణానికి హాయిగా మాత్రం ఉందిలే."

ఆ రోజు రానే వచ్చింది. గది మధ్య తాడు కట్టి దుప్పటి వేలాడదీశారు. దాని వెనక టీచరు. ముందు కుర్చీలో బావగారు, కళ్లు మూసుకుని, ముఖం కొంచెం పైకెత్తి, ఫొటోకు కూర్చున్నట్టు కూర్చున్నాడు. పక్కన గుడ్డ కట్టుకున్న తోడికోడలు. పీట మీద ఆమె, ఒళ్లో బఠాణీలతో.

మొదటి పెట్టె లాగింది టీచరు. కిర్రు.

బావగారి మీసం కదిలింది. పాట పూర్తయ్యేదాకా మర్యాదకు ఆగాడు. రెండో పెట్టెకు కిర్రు లేదు. దాన్ని సగం కూడా విననివ్వలేదు.

"చాలు తల్లీ, చాలు! మొదటిది తమ్ముడిది. ఆ తేనె, ఆ నడక! వాడి చెయ్యి చచ్చినా దాగదు. ఈ రెండోది అమ్మాయిది. తప్పుపట్టడం కాదు గానీ, బిర్రబిగుసుకుపోయింది. బెదురు తెలుస్తోంది. ఇంకా పదేళ్లు నేర్చుకోవాలి."

తోడికోడలి గుడ్డ లోపల నుంచి ఏదో చప్పుడు వచ్చింది.

"నాకైతే రెండూ ఒకే మనిషి చేసినట్టున్నాయి మేస్త్రిగారూ," అంది టీచరు దుప్పటి పక్కకు లాగుతూ.

"నీకేం తెలుసమ్మా, చిన్నదానివి."

ఆమె లేచి, స్క్రూడ్రైవరు తీసుకుని, కిర్రు పెట్టె పక్క విప్పి, పలక తిరగేసి ఆయన ముందు పెట్టింది. సూది గుర్తు. తరవాత కొత్త పెట్టె విప్పింది. చేప.

బావగారు సూదిని చూశాడు, చేపను చూశాడు, మళ్లీ సూదిని చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"బిర్రబిగుసుకుపోయిందట! తమ్ముడికి బెదురట! ఇంకా పదేళ్లు నేర్చుకోవాలట!" దవడ గుడ్డ ఊడదీసి, రెండు రోజుల బాకీ ఒక్కసారిగా తీర్చుకుంది తోడికోడలు. "వినమ్మా టీచరూ, నా పులుసు గురించి కూడా ఇలాగే..."

"మోసం!" అని అరిచాడు బావగారు. "ఇది పచ్చి మోసం!"

"రీడ్లు వింటానన్నారు కదా బావగారూ," అందామె నెమ్మదిగా. "కిర్రు వింటానని చెప్పలేదు మీరు."

ఓడినప్పుడు మగవాళ్లు చేసే పనే ఆయనా చేశాడు. తన ఇంట్లోకి వెళ్లి తన ఉక్కు పెట్టె తెచ్చాడు. "ఇత్తడి ఇత్తడే. ఇదిగో, దీన్ని వాయించు. అప్పుడు తెలుస్తుంది రీడంటే ఏమిటో."

టీచరు వాయించింది. గట్టిగా, తిన్నగా, బాగానే ఉంది. అన్నిటికన్నా పై మీట దగ్గరికి వచ్చేసరికి టీచరు ముఖం చిట్లించింది. "ఇది కొంచెం తేడాగా ఉంది మేస్త్రిగారూ."

"ఉండదే! నిన్ననే సరిచేశా." ఆయన పెట్టె లాక్కుని, రీడు ఊడదీసి, తమ్ముడి బల్ల దగ్గరే కూర్చుని తిత్తి తొక్కాడు. విన్నాడు. తల పక్కకు వంచి మళ్లీ విన్నాడు. ఆకురాయి కొస మీద పెట్టి రెండుసార్లు గీశాడు. ఊదించాడు. మళ్లీ కొస మీదే గీశాడు.

చెంచా అప్పటికే పైకెక్కి కూర్చుంది. ఇంకా పైకెక్కుతోంది. పీట మీద ఆమె చేతిలోని బఠాణీ కాయ ఆగిపోయింది. తల పక్కకు వంచిన ఆ తీరు ఆమెకు తెలుసు. తొమ్మిదేళ్లు ఎదురుగా కూర్చుని చూసిందే.

అనుకోకుండానే వచ్చేసింది. రెండు దగ్గులు.

ఆకురాయి గాలిలో ఆగింది. బావగారు తల ఎత్తలేదు. తొమ్మిదేళ్లుగా గోడ అవతలి నుంచి విన్న ఒకటి, రెండు, గొంతు సవరింపు, ఆ మధ్యమధ్య ఆకురాయి చప్పుడు, అన్నీ ఆయన మెల్లగా లెక్క సరిచూసుకుంటున్నట్టుంది. ఆకురాయి కొస మీంచి జరిగి, నాలుక మొదటికి వచ్చింది. ఒక గీత. ఊదించాడు.

మళ్లీ రెండు దగ్గులు. ఇంకో గీత. ఊదించాడు.

ఆమె గొంతు సవరించుకుంది.

"ఆఁ, ఇప్పుడు సరిగ్గా ఉంది!" అంది టీచరు.

"దీని దగ్గు మళ్లీ తిరగబెట్టిందర్రా!" అంటూ మందు సీసా కోసం పరుగెత్తింది తోడికోడలు.

బావగారు చెవి వెనక పెన్సిలు తీసి, ఊరికే చూసి, మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు.

"తమ్ముడికి ఎన్నేళ్ల నుంచి?" అన్నాడు, ఆమెకు మాత్రమే వినబడేలా.

"ఏది బావగారూ?"

"అదే... నీ దగ్గు."

"తొమ్మిదేళ్లు."

"నాతో ఒక్క ముక్క చెప్పలేదు వెధవ."

"మీ తిట్లయితే పడతానన్నారు."

బావగారు తల ఊపాడు. చాలాసేపు ఊపాడు. తరవాత గట్టిగా, అందరికీ వినబడేలా, "ఈ బల్ల ఇక్కడే ఉండనీ. మా వైపు కిటికీకి వెలుతురు చాలదు," అని చెప్పి, పెట్టె చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. బద్ద అక్కడే మరిచిపోయాడు.

మర్నాడు పొద్దున ఆమె చేప పలకలు చేప పెట్టెలో తిరిగి బిగించి, ఎనిమిది పెట్టెల్లో మొదటిదాన్ని బల్ల మీద పెట్టుకుంది. అవతలి వైపు తిత్తి తొక్కిన చప్పుడు. ఉక్కు రీడు పలికి, ఆగింది. ఆకురాయి చప్పుడు లేదు. మళ్లీ అదే స్వరం పలికి, ఆగింది. మనిషి గుమ్మంలో నిలబడి పిలవలేక తలుపు తట్టి ఊరుకున్నట్టుంది.

గిన్నె మూత. వెంట్రుకవాసి కిందుంది.

ఆమె తన ఆకురాయి కింద పెట్టి, గోడ వైపు తిరిగి ఒకసారి దగ్గింది.

"మళ్లీ మొదలైందేమే! ఉండు, మందు తెస్తున్నా!" అని అవతల తోడికోడలు కేక.

"ఆ దగ్గుకు మందేమీ వద్దు," అన్నాడు బావగారు. "నువ్వు కాసేపు నోరు మూసుకుందూ. నాకు దగ్గు వినబడి చావట్లేదు."